కౌంటు పెరిగితే రేటు పడును

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద నాలుగు రోజులు తిరిగినవాడెవడికైనా కౌంటంటే ఏమిటో తెలుసు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. ముప్ఫై కౌంటు పట్టుబడి ఉందంటే కొనేవాడు గట్టు దాకా వచ్చి బేరమాడతాడు. వంద కౌంటనగానే మొహం చిట్లిస్తాడు. అంకె పెద్దదయ్యే కొద్దీ సరుకు చిన్నదవుతుందనీ, రేటు పడుతుందనీ బడి మొహం చూడని కూలీకి కూడా ఎరికే. ఆ గట్ల మీదే పుట్టి, ఇంజనీరింగు వెలగబెట్టి, మాదాపూర్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో సాఫ్ట్‌వేర్ మేనేజరు కుర్చీ ఎక్కిన మన కుర్రాడికి మాత్రం, మెడలో ట్యాగు పడగానే ఈ ఒక్క ముక్కా బుర్రలోంచి జారిపోతుంది. అంకె పెరిగిందా, పండగ. రొయ్య ఏ సైజులో ఉందని అడిగే నాథుడు ఆ మేడలో ఏ అంతస్తులోనూ ఉండడు.

అంకెలకేం తక్కువండీ అక్కడ! ఎన్ని లైన్ల కోడు రాశావు, ఎన్ని టికెట్లు మూశావు, ఎన్ని బగ్గులు పట్టావు, ఎన్ని గంటలు కూర్చున్నావు, ఎన్ని పాయింట్లు తెచ్చావు. పనిచేసేవాడొకడు. వాడి పని కొలిచేవాడొకడు. ఆ కొలతని పట్టికలో ఎక్కించేవాడొకడు. పట్టికకి రంగులద్దేవాడొకడు. రంగుల్ని పైవాడికి చూపించేవాడొకడు. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడని పెద్దలు ఒక్కణ్ణే అనుకున్నారు పాపం. వాళ్ళు స్క్రమ్ మాస్టర్నీ, డెలివరీ మేనేజర్నీ, ప్రోగ్రాం మేనేజర్నీ చూడలేదు. ఇక్కడ మీసాలెత్తేవాళ్ళే అరడజను మంది. అంబలి చల్లారిపోయిందని ఎవరైనా అంటే అది ఎందుకు చల్లారిందో తేల్చడానికి ఇంకో మీటింగు పెడతారు.

లైన్ల సంగతే ముందు తేలుద్దాం. 1982లో యాపిల్ కంపెనీలో లీసా అనే కంప్యూటర్ తయారవుతున్న రోజుల్లో, ఈ వారం ఎన్ని లైన్లు రాశారో ఫారం నింపి ఇమ్మని మేనేజర్లు ఇంజనీర్లకి హుకుం జారీ చేశారు. బిల్ అట్కిన్సన్ అనే మహానుభావుడు ఆ వారమే తెర మీద బొమ్మలు గీసే ప్రోగ్రాంలో ఒక భాగాన్ని తిరగరాశాడు. పాతదానికన్నా ఎన్నో రెట్లు చురుగ్గా పరిగెత్తింది, పైగా రెండు వేల లైన్లు తగ్గింది. నిజాయితీపరుడు కనక ఫారంలో మైనస్ రెండు వేలు అని రాసిచ్చాడు. కొన్ని వారాలకి ఆయన్ని ఫారం అడగడమే మానేశారట. అది యాపిల్ కనక సరిపోయింది. మన దగ్గరైతే ఆ మైనస్ గుర్తు చూసిన హెచ్చార్ అమ్మాయి అద్దాల గదిలోకి పిలిచి, ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా అని కడు దయతో అడిగి, మూడు నెలల పనితీరు మెరుగుదల ప్రణాళిక చేతిలో పెట్టేది.

ఆ పాత పిచ్చి వదిలిపోయిందనుకున్నాం. వదల్లేదు, కృత్రిమ మేధ భుజాల మీదెక్కి వెనక గుమ్మంలోంచి మళ్ళీ వచ్చింది. గూగుల్‌లో కొత్త కోడులో పావు వంతుకి పైగా ఏఐ రాస్తోందని 2024 అక్టోబరులో సుందర్ పిచాయ్ ప్రకటించారు. మైక్రోసాఫ్ట్‌లో ఇరవై నుంచి ముప్ఫై శాతమని 2025 ఏప్రిల్‌లో మన హైదరాబాద్ సత్య నాదెళ్ళ గారు సెలవిచ్చారు. సంతోషం. ఆ రాసినదాన్ని చదివి, తప్పులేరి, సరిచేయడానికి మనుషులకి ఎంత పొద్దు పట్టిందో కూడా ఎవరైనా సెలవిస్తే ఇంకా సంతోషం. పెద్దలు శాతం చెప్పారు కనక ఇక చిన్న మేనేజర్లు ఊరుకుంటారా? మీ టీములో ఏఐ ఎంత శాతమని అడగడం మొదలైంది. మనిషి రాసిన ఇరవై లైన్లతో పోయేదానికి మర రెండు వందలు రాస్తే శాతం అమాంతం పెరుగుతుంది. వంద కౌంటు రొయ్యకి ఇంత గిరాకీ పలికిన బజారు భూమ్మీద ఇదొక్కటే.

తరవాత గంటలు, రోజులు. వారానికి డెబ్భై గంటలు పనిచెయ్యాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువతకి హితవు చెప్పారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు ఆ పాట తొంభై దగ్గర అందుకున్నారు. అదే ఏడాది జూన్‌లో టీసీఎస్ కొత్త లెక్క తెచ్చింది. ఉద్యోగి ఏడాదిలో 225 రోజులు బిల్లయ్యే పనిలో ఉండాలి, ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచి మీద కూర్చునే రోజులు 35 దాటకూడదు. బిల్లయ్యే రోజంటే పని జరిగిన రోజని అమాయకులు అనుకుంటారు. కాదండి. క్లయింటు డబ్బు కట్టే రోజు. కుర్రాడికి ప్రాజెక్టు తెచ్చిపెట్టాల్సింది కంపెనీ. తేలేకపోతే మార్కులు తగ్గేది కుర్రాడికి. చెరువులో నీళ్ళు పెట్టనిది రైతైతే బరువు పెరగలేదని రొయ్యకి నోటీసిచ్చినట్టుంది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మన సేవల కంపెనీలు ఇన్నేళ్ళుగా ఎక్కువగా అమ్ముకున్నది సాఫ్ట్‌వేర్ కాదు, తలకాయలు. తలకింత, గంటకింత. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకో పదిమందిని తోస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాసి మరీ మొత్తుకున్నాడు. నిజమే. అయితే ఆ పదిమంది తలకీ బిల్లు పడుతుంటే ఆలస్యం ఎవరికి చేదు? ఐదుగురు చేసే పనికి యాభైమందిని నింపి, యాభైమందినీ ఉదయం పదింటికి ఫోన్ లైనులోకి లాగి, నిన్న ఏం చేశావు, నేడు ఏం చేస్తావు, నీకేమైనా అడ్డంకా అని వరసగా అడుగుతారు. అడ్డంకి ఈ ఫోనే అని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. శుక్రవారం సాయంత్రం టైమ్‌షీటు నింపాలి. ఆ నింపడానికి పట్టిన సమయాన్ని ఏ పద్దు కింద రాయాలో ఇంతవరకు తేల్చిన కంపెనీ లేదు.

కరోనా వచ్చినప్పుడు ఈ కొలతలు కోనసీమ దాకా నడిచొచ్చాయి. అమలాపురం పక్క పల్లెలో ఓ మేడ మీద గది తీసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ, ఇన్వర్టరు, కిటికీ అవతల కొబ్బరి మట్టలు, కింద అమ్మమ్మ కేకలు. ల్యాప్‌టాప్ తెర మూల ఓ ఆకుపచ్చ చుక్క. కుర్రాడు మౌసు కదపడం ఆపితే ఐదు నిమిషాలకి చుక్క పసుపుపచ్చైపోతుంది. చుక్క రంగు మారితే హైదరాబాద్‌లో ఒకాయనకి నిద్ర పట్టదు. కుర్రాడు చిక్కుముడి విప్పడానికి కాగితం మీద లెక్క వేసుకుంటున్నాడనుకోండి. బుర్ర పనిచేస్తోంది, మౌసు పనిచెయ్యడం లేదు, కాబట్టి మనిషి పనిలో లేనట్టు. అందుకే మౌసుని దానంతటదే కదిపే బుల్లి యంత్రాలు ఆన్‌లైన్‌లో వేడి పకోడీల్లా అమ్ముడయ్యాయి. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఇలా కీబోర్డు కదలికలు నటించినందుకు డజనుకి పైగా ఉద్యోగుల్ని సాగనంపిందని 2024 జూన్‌లో బయటికొచ్చింది. పనికి బదులు కదలికని కొలిచినవాడికి కదలికే దొరికింది. దొంగతనం ఎవరు నేర్పారో మాత్రం విచారణ జరగలేదు.

ఆ కుర్రాడి టికెట్టు ఒకటి తెరిచి చూద్దాం. పని: రసీదు మీద తేదీ తప్పుగా పడుతోంది, సరిచెయ్యాలి. పని బరువుకి కొలతగా మొదట్లో దీనికి ఒక పాయింటు వేసేవారు. టీము వేగం ఈ మూడు నెలల్లో పెరిగి తీరాలని పైనుంచి మాటొచ్చింది. అంతే, అదే పనికి మూడు పాయింట్లు పడ్డాయి. ఆ పై మూడు నెలలకి ఐదు. తేదీ అదే, రసీదు అదే, కుర్రాడూ వాడే. తెర మీద గీత మాత్రం కొబ్బరి చెట్టెక్కింది. మేనేజరు గారు ఆ గీతని ప్రదర్శించి చప్పట్లు కొట్టించుకున్నారు. ఇంతకీ రసీదు మీద తేదీ సరిగ్గా పడుతోందా? ఆ అంకె పట్టికలో లేదండి.

ఇక ప్రాజెక్టు ఆరోగ్యం చెప్పే రంగులు. కింద కోడు రాసేవాడు ఎరుపంటాడు. టీమ్ లీడు దాన్ని కాషాయం చేస్తాడు. మేనేజరు పసుపులో ముంచుతాడు. డైరెక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పచ్చగా నిగనిగలాడుతుంది. దీనికి ఆ రంగంలోనే పుచ్చకాయ అని ముద్దుపేరుంది, పైన పచ్చ, కోస్తే ఎరుపు. కోసే రోజు ఎప్పుడొస్తుందంటే క్లయింటు బటను నొక్కిన రోజు.

ఏడాది చివర రేటింగులకి గంట ఆకారపు గీత, అదే బెల్ కర్వు, వస్తుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ మొదలెట్టిన ముచ్చట. ఇరవై శాతం మెరికలు, డెబ్భై శాతం మామూలువాళ్ళు, అడుగున పది శాతం బయటికి. పదిమంది టీములో పదిమందీ బాగా చేసినా ఒకడు పనికిమాలినవాడై తీరాలి. దొరక్కపోతే తయారు చెయ్యాలి. తెలివైన మేనేజర్లు ఏడాది మొదట్లోనే ఒక బలిపశువుని టీములో చేర్చుకుని మేపుతారు. దీనివల్ల పక్కవాడికి సాయం చేస్తే మన పీక మీదికొస్తుందని అందరికీ తెలిసొచ్చాక, మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ఈ పద్ధతిని వదిలించుకుంది. వాళ్ళు విప్పి పారేసిన కోటుని మనవాళ్ళలో కొందరు ఇస్త్రీ చేసి ఇంకా తొడుక్కుంటున్నారు.

అసలు కథకి వద్దాం. కొలతల పురాణంలో ఉత్తరకాండ మన పశ్చిమగోదావరి నుంచే వెలువడింది. భీమవరంలో పుట్టిన బైర్రాజు రామలింగరాజు 1987లో సత్యం కంప్యూటర్స్ పెట్టారు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ కంపెనీల పరిపక్వతకి ఐదు మెట్లు కట్టింది. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచిన ఆ సంస్థ మెట్లు కట్టింది ప్రధానంగా రక్షణ శాఖకి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళని తూచడానికి. ఎక్కడానికి ఎగబడింది మనం. సత్యం 1999లోనే ఐదో మెట్టెక్కింది. ఐదో మెట్టంటే సామాన్యం కాదు. ప్రతి పనికీ అంకె, ప్రతి అంకెకీ చరిత్ర, ఆ చరిత్ర ఆధారంగా రేపటికి మెరుగుదల. 2001లో సత్యం షేరు కోసం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ గంట మోగింది. 2008 సెప్టెంబరులో కంపెనీని ఆదర్శంగా పాలిస్తున్నందుకు గోల్డెన్ పీకాక్ పురస్కారం, అనగా బంగారు నెమలి, వచ్చి భుజాన వాలింది.

నాలుగు నెలలు తిరక్కుండా నెమలి ఎగిరిపోయింది. 2009 జనవరి 7న రాజు గారు బోర్డుకి రాసిన లేఖ బయటపడింది. పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో అసలు లేనివి 5,040 కోట్లు. అంతకు ముందు సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని లోకానికి చెప్పారు, వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 24 శాతమన్నారు, ఉన్నది 3 శాతం. అన్నీ కలిపి 7,136 కోట్ల మాయ. తరవాత సీబీఐ తవ్వితే 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు తేలాయి. సూపర్ యూజర్ లాగిన్ ఒకటి వాడి, మిగతా విభాగాల కంట పడకుండా వాటిని వ్యవస్థలో దాచారని అభియోగం. కోడులో ఎక్కడ చీమ తలంత తప్పున్నా పట్టే ఐదో మెట్టు కంపెనీకి, బ్యాంకులో ఐదు వేల కోట్లు ఉన్నాయో లేవో తెలియలేదు! కాదు, కాదు. తెలిసినవాళ్ళకి తెలుసు. కొలిచే యంత్రాంగమంతా కింద రసీదు తేదీల మీద తిరుగుతోంది. పై అంతస్తుకి మీటరు పెట్టలేదు.

ఆ లోటు ఒక్కరోజులో పుట్టలేదని లేఖే చెప్పింది. మొదట చెప్పినదానికీ ఉన్నదానికీ చిన్న తేడా. మూడు నెలలకోసారి బజారు ఒక అంకె అడుగుతుంది. అంకె అందకపోతే షేరు పడుతుంది. అందినట్టు రాస్తే ఇంకో మూడు నెలలు గడుస్తుంది. ఒక పాయింటు పనికి ఐదు వేసుకున్న కుర్రాడికీ, 3 శాతాన్ని 24 అని రాసిన ఛైర్మనుకీ పట్టిన జబ్బు ఒకటే, మోతాదులో తేడా. కుర్రాడిది రేటింగు కోసం, ఛైర్మనుది షేరు కోసం. ఒకటి నేరం, ఇంకోటి కాదు, ఒప్పుకుంటాను. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజు గారికి ఏడేళ్ళ శిక్ష వేసింది. మరుసటి నెలలోనే పై కోర్టు దాన్ని నిలిపి బెయిలిచ్చింది. వినోదమేమిటంటే, లేఖ బయటపడ్డ మర్నాడు కూడా ఆ కంపెనీలో వేలాదిమంది ఇంజనీర్లు వచ్చి పనిలో కూర్చున్నారు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో కొనుక్కున్నది ఆ పనినే. అబద్ధమైపోయింది అంకె. మిగిలింది పని. అయినా ఆ తరవాత మన కంపెనీలు నేర్చుకున్న పాఠం ఏమిటయ్యా అంటే, కింది అంతస్తులో ఇంకో నాలుగు మీటర్లు బిగించడం.

ఇదంతా శాస్త్రమని వాదించేవారు మేనేజ్‌మెంటు గురువుల పేర్లు చెబుతారు. కొలవలేనిదాన్ని నడపలేమని డెమింగ్ అన్నాడంటారు. ఆయన అన్నది దానికి సరిగ్గా వ్యతిరేకం, అలా అనుకోవడం ఖరీదైన భ్రమ అని. కొలవనిదాన్ని అదుపు చెయ్యలేమని 1982లో పుస్తకం మొదటి వాక్యంగా రాసిన టామ్ డిమార్కో, 2009లో తన మాటని తానే వెనక్కి తీసుకున్నాడు. గురువు గారు దీక్ష విరమించి ఇంటికెళ్ళిపోయారు, శిష్యులు ఇంకా ఒంటికాలి మీదే నిలబడ్డారు. కొలతని లక్ష్యం చేసిన క్షణాన అది కొలతగా పనికిరాదనే సూత్రానికి బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుంది. 1975లో ఆయన ద్రవ్య విధానం గురించి రాసినదాన్ని 1997లో మారిలిన్ స్ట్రాథర్న్ అనే మానవశాస్త్రవేత్త ఇంత పొట్టి మాటగా చేసింది. ఒక వాక్యం. పట్టిక అక్కర్లేదు, రంగులక్కర్లేదు. అందుకే కాబోలు ఎవరూ చదవరు.

ఈ కొలతల జబ్బు సచివాలయానికీ అంటుకుంది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రులకి ఫైళ్ళు కదిపే వేగాన్ని బట్టి ర్యాంకులిచ్చారు. ఫరూక్ గారు ఒకటి. మన నిడదవోలు నుంచి గెలిచిన కందుల దుర్గేష్ గారు రెండు. ముఖ్యమంత్రి గారే ఆరు. పిఠాపురం ఎమ్మెల్యే పవన్ కల్యాణ్ గారు పది. రామచంద్రపురం నుంచి గెలిచిన వాసంశెట్టి సుభాష్ గారు చిట్టచివర. దుర్గేష్, పవన్, సుభాష్ గార్లు ముగ్గురూ గెలిచింది గోదావరి జిల్లాల్లోనే, ర్యాంకులు మాత్రం ఇలా పడ్డాయి. ఫైలు ఎంతసేపు బల్ల మీదుందో తెలిసింది. దాని మీద ఏం రాశారో తెలియలేదు. తిరస్కరించడమైనది అని ఒక్క గీత గీకి పంపినా ఫైలు కదిలినట్టే. చదివినవాడు వెనకబడ్డాడు, చదవనివాడు గెలిచాడు అనే అనుమానానికి ఆ ర్యాంకులో తావుందే గాని జవాబు లేదు.

అయితే కొలతలే వద్దా అని మీసం తిప్పుతారు మేనేజరు గారు. కావాలండి. కావలసినచోట పెట్టండి. మన రేషన్ షాపులో ఈ-పోస్ మిషను ముందు నిలబడ్డ ముసలమ్మని చూశారా? ఏళ్ళ తరబడి నాట్లేసి, కలుపు తీసి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ఆమె వేలు పెడుతుంది, మిషను కాదంటుంది. చీర చెంగుకి తుడిచి మళ్ళీ పెడుతుంది, సర్వర్ బిజీ అంటుంది. డీలరు రేపు రమ్మంటాడు. ఆ మిషను వెనక కోడు రాసిన టీము పట్టిక ఆ రోజు కూడా పచ్చగానే ఉండి ఉంటుంది. టికెట్లు మూసేశారు, పాయింట్లు పడ్డాయి, వేగం పెరిగింది. ఆమె ఎన్నిసార్లు వేలు పెట్టింది, ఎన్ని రోజుల కూలి మానుకుంది, బియ్యం సంచీలో పడ్డాయా లేదా, ఇవి కొలవండి. ఆ అంకెకి ఎవరి జీతమూ ముడిపెట్టకండి. ముడిపెట్టారా, ముసలమ్మ రాకుండానే బియ్యం పడ్డట్టు రాసేస్తారు, మనవాళ్ళకి ఆ విద్య కొత్త కాదు.

ఇంకొక్క మనవి. కొలత ఎప్పుడూ పై అంతస్తు నుంచి మొదలుపెట్టండి. తమరు పెట్టిన మీటింగుల్లో ఎన్ని అక్కర్లేనివో, తమరు ఒప్పుకున్న గడువుల్లో ఎన్ని పనిచేసేవాణ్ణి అడగకుండా ఒప్పుకున్నవో, ఎరుపుని పచ్చగా మార్చిన చెయ్యి ఏదో, ఆ అంకెలు గోడ మీద పెట్టండి. జట్టులో ప్రతివాడూ తమరికి రేటింగిస్తాడు, గంట ఆకారపు గీత ప్రకారం తమలో పదోవంతు మంది బయటికెళతారు. ఏం, నచ్చలేదా? శాస్త్రం కదండీ! ఆ మూడు నెలల ప్రణాళికేదో తమరు పూర్తిచేసుకుని రండి. రసీదు మీద తేదీ సరిచేసిన కుర్రాడి రేటింగు సంగతి అప్పుడు నిదానంగా మాట్లాడుకుందాం. ఆయ్.